వెరిఫికేషన్

కొండమల్లేపల్లి పెట్రోల్ బంకు వెనక గల్లీల
పొద్దుగాల ఎనిమిదింటికి పోలీసు బండి ఆగితే
ఎదురింటి కిటికీలు మూడు ఒక్కసారే తెరుచుకున్నయ్.
"సైదులు అంటే ఎవరు?"
లుంగీ మీదున్న నేనే, అన్న.

హెడ్ కానిస్టేబుల్ జంగయ్య
ప్లాస్టిక్ కుర్చీల కూసొని ఫైలు విప్పిండు.
ఏం కేసు, అని అడిగింది మైబమ్మ గోడ మీంచి.
కేసు కాదమ్మా, కొలువు, అన్నడు.
పోలీసుల కొలువు కోసం
పోలీసులే వచ్చి నువ్వు దొంగవా అని అడుగుడు
ఆమెను చానాసేపు నవ్విచ్చింది.

తండ్రి పేరు? లింగస్వామి.
ఏం పని? బోర్ల లారీ.

ఏడువందల ఫీట్లు దించినా దుమ్మే లేచే చెలకల్ల
ముప్పై ఏండ్లు ఆ మోత పక్కన నిలబడి
నాయిన కుడిచెవు పోగొట్టుకున్నడు.
పైపు మీద అరచెయ్యి ఆనిచ్చి
రాయి ఎప్పుడు తగిలిందో, తడి ఎప్పుడు తగిలిందో
నాకు చూపెట్టిండు.
ఇయ్యాల గేర్‌బాక్సు బాగున్నదా లేదా
గడియారాల కంటె ముందు నా నడుముకు తెలుస్తది.
రెండు రిగ్గులల్ల ఒకటి అమ్మితే
నాకు నూటయాభై గంటలు వచ్చినయ్.
ఇదంతా రాసేతందుకు
ఫారంల గడి లేదు.

అంతకు ముందు, హైదరాబాద్‌ల, బల్లకు అటు నలుగురు.
ముగ్గురు ఫౌజునించి వచ్చినోళ్ళు,
మీసం గూడ అటెన్షన్ల ఉన్నది.
నా లాగ్‌బుక్కు తిప్పిన్రు:
సముద్రంల చమురు బావుల కాడికి రెండువేల గంటలు,
కొండ మీది గుడికి యాత్రికులను మోసింది పదకొండు వందలు,
ఎవరిదో పెండ్లిల పూలు చల్లింది ఇరవై నిమిషాలు.
ఆ ఇరవై నిమిషాల కాడ ఒకాయన వేలు ఆగింది.
"యూనిఫాం ఎన్నడన్న వేసినవా?"
వేసిన సార్. హైస్కూల్ల. ఖాకీ నిక్కరు.
ఎవ్వరు నవ్వలే.

"వెనక సీట్ల ఆఫీసరు దించమంటడు.
కింద కరెంటు తీగలున్నయ్.
ఎవరి మాట వింటవు?"
తీగల మాట సార్.
"ఆర్డర్ కదా?"
తీగలది గూడ ఆర్డరే సార్,
రెండోసారి చెప్పయి.

తర్వాత ఐదు నెలలు ఫోన్ మోగలే.
మోగిన నాడు నేను నాయిన చెవు మిషన్‌కు
సెల్లు కొంటున్న.

జంగయ్య చాయ్ తాగిండు, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకున్నడు
(వేలిముద్ర చెల్లదంటే మైబమ్మ అలిగింది).
గడప కాడ జరంత ఆగి,
"బండికి పెట్రోలు…" అన్నడు.
రెండువందలు ఇచ్చిన.
'నడవడి మంచిది' అని రాసుకొని పోయిండు.

భాద్రపదంల డిండి వాగు ఒడ్డు తెగింది.
రాయి మీద ముగ్గురు గొర్లకాపరులు,
చుట్టూ ఎర్రనీళ్ళు.
డీఎస్పీ సారు నా భుజం తట్టిండు: దించు, దించు.
ఎడమదిక్కు ఒక కాకి
ఉత్త గాలిల కూసొని ఉన్నది.
కాకి ఉత్త గాలిల కూసోదు.

లేపిన.
సారు ఏదో అరిచిండు, ఆ మోతల
నాకు గూడ కుడిచెవు వినపడలే.
మునిగిన స్తంభాలను మనసుల లెక్కపెట్టుకుంట
గుట్ట వెనకనించి తిరిగొచ్చి
ఒక్కొక్కరిని ఎక్కిచ్చుకున్నం.
పొట్టేలుకు జాగ లేదంటే
ముసలాయన నన్ను తిట్టిన తిట్లు
లాగ్‌బుక్కుల ఎక్కియ్యలే.

దేవరకొండ కాలేజీ గ్రౌండ్ల
సున్నంతోని వంకరగ గీసిన గుండ్రం నడిమిట్ల దిగినం.
తాడు పట్టుకొని జనాన్ని ఆపుతున్నది జంగయ్యే,
టోపీ చంకల, ముఖమంత సున్నం.
నన్ను చూసి సెల్యూట్ కొట్టిండు.
నాకు అది సరిగ రాదు.
చెయ్యి లేపితె హెడ్‌సెట్ వైరు అడ్డం పడ్డది.

రెక్కలు నిమ్మలంగ తిరుగుతుంటే దగ్గరికొచ్చి
హెలికాప్టర్ కడుపు దిక్కు చూసుకుంట అడిగిండు:
"సార్, దీనికి గంటకు పెట్రోలు ఎంతైతది?"
అడిగినంక ఏదో యాదికొచ్చినట్టు
నేల చూపులు చూసిండు.

పెట్రోలు కాదే జంగన్నా,
కిరసనాయిలసొంటిది, అన్న.
గట్లనా, అన్నడు.